పాత పిల్లి కొత్త కూనను దగ్గరికి రానివ్వడం లేదు, ఏం చేయాలి?

తుంగభద్ర గట్టు (కర్నూలు)

మా ఇంట్లో నాలుగేళ్లుగా రాణి అని ఆడపిల్లి ఉంది. ఆపరేషన్ చేయించాం, ఇప్పటిదాకా ఎవరినీ గీరింది లేదు. పోయిన ఆదివారం మా ఆయన స్కూటర్ కింద ఒక కూన అరుస్తూ కనిపించింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, తల్లి తిరిగొస్తుందేమోనని చీకటి పడేదాకా చూశాం, రాలేదు. రెండు నెలలుంటాయేమో, ఎముకలు తగులుతున్నాయి, వదిలేయడానికి మనసొప్పక తెచ్చుకున్నాం.

తేగానే రాణి ముందు పెట్టి, చెల్లెలొచ్చింది చూడు అన్నాను. ఒక్కసారిగా బుస్సుమని చెయ్యెత్తి కొట్టింది, కూన ఫ్రిజ్ వెనక్కి దూరి రెండు గంటలు బయటికి రాలేదు. అప్పటి నుంచి ఇంట్లో టెన్షనే. నిన్న రాణి మా పరుపు మీద ఉచ్చ పోసింది, ఈరోజు పొద్దున కోడిముక్కలు పెడితే వాసన చూసి వెళ్లిపోయింది. రెండిటినీ ఒక గదిలో వేసి తలుపేస్తే అవే సర్దుకుంటాయి అంటున్నారు మా అత్తమ్మ. కూనను ఎవరికైనా ఇచ్చేద్దాం అంటున్నారు మా ఆయన. నాకు రెండూ కావాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

మిద్దె మెట్లు (అనంతపురం)

అక్కా, ఆ గదిలో వేసి తలుపేసే పని మాత్రం చేయొద్దు. మూడేళ్ల కిందట నేను అదే చేశాను. పొద్దున చూస్తే చిన్నదాని చెవి చీలి ఉంది, నాలుగు రోజులకు అక్కడ చీము పట్టింది, డాక్టర్ దగ్గరికి తిప్పి తిప్పి బాగు చేసుకున్నాను. అది ఇప్పటికీ ఆ గది గడప దాటదు.

రాణి కోపం కూన మీద కాదక్కా. నాలుగేళ్లుగా ఆ ఇల్లంతా దాని వాసనే, తలుపు మూలలకు, కుర్చీ కాళ్లకు చెంపలు రుద్దేది అందుకే. ఉన్నట్టుండి ఇంకో వాసన వస్తే అది తన ఇల్లు కాదేమో అనిపిస్తుంది. కాబట్టి ముందు వాసన కలవాలి, ముఖాలు తర్వాత.

ఈరోజే కూనను వేరే గదిలో పెట్టు, దాని ఇసుక తొట్టి, నీళ్లు, తిండి అన్నీ అందులోనే. రేకుల గది మాత్రం వద్దు, మన ఎండలకు మధ్యాహ్నం ఉడికిపోతుంది. పాత పంచె చింపి ఒక ముక్కతో కూన చెంపలు తుడిచి రాణి పడుకునే చోట వెయ్యి, రాణిని తుడిచిన ముక్క కూన దగ్గర వెయ్యి. రాణి ఆ గుడ్డను చూసి బుస్సుమన్నా తిట్టొద్దు. తిడితే ఆ వాసన వచ్చినప్పుడల్లా తిట్లు పడతాయని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత మూసిన తలుపుకు అటొక గిన్నె ఇటొక గిన్నె, మొదట నాలుగైదు అడుగుల దూరంలో, రెండూ నిమ్మళంగా తింటుంటే రోజుకు కొంచెం దగ్గరికి జరుపు. మీకు దోమల జాలీ తలుపు ఉంటే ఇంకా మంచిది, వాసన అలవాటయ్యాక జాలీ అవతల నుంచి ఒకదాన్నొకటి చూసుకుంటాయి. నాకు రెండోసారి ఇలా చేస్తే మూడు వారాలు పట్టింది.

ఇంకొకటి, ఇంట్లోకి రాగానే ముందు రాణిని పలకరించు, ముందు దానికే పెట్టు.

బొంతల మూట (కర్నూలు)

మాకైతే రెండు రోజుల్లో కలిసిపోయాయి, ఇవేమీ చేయలేదు. అయితే మావి రెండూ మూడు నెలల పిల్లలు.

పాత కాంపౌండర్ (కడప)

పిల్లలు పిల్లలు తొందరగా కలుస్తాయి నాయనా, పెద్ద పిల్లి సంగతి వేరు.

అమ్మా, నేను పశువుల ఆసుపత్రిలో చాలా ఏళ్లు పనిచేశాను. మీరు ఆ కూనను విడిగా పెట్టాల్సింది కొట్లాట ఒక్కదాని కోసమే కాదు. వీధి కూనలకు పాన్‌ల్యూకోపీనియా అనే వాంతులు, విరేచనాల జబ్బు ఉండొచ్చు, ఆ వైరస్ నేల మీద, గుడ్డల మీద ఏడాది దాకా కూడా బతుకుతుంది. కనీసం రెండు వారాలు గిన్నెలు, తొట్లు వేరుగా ఉంచండి, కూనను ముట్టుకున్నాక చేతులు కడిగి రాణి దగ్గరికి వెళ్లండి. టీకా కూనకు ఎనిమిది వారాల లోపే మొదలుపెట్టొచ్చు, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్‌ది మూడు నెలలకు. పిల్లుల టీకా అన్నిచోట్లా ఉండదు, ఫోన్ చేసి కనుక్కొని వెళ్లండి. రాణికి ఏడాదికి పైగా టీకా వేయించకపోతే దాన్నీ తీసుకెళ్లండి.

ఆ ఉచ్చ పోసిన చోటగానీ, కూన గదిలోగానీ ఫినాయిల్ వాడొద్దు. మనం ఇంట్లో అలవాటుగా తుడుస్తాం గానీ పిల్లి కాళ్లు నాక్కుంటుంది, అది దాని ఒంటికి విషం. గచ్చుకు పలచగా కలిపిన బ్లీచింగ్ పౌడర్ నీళ్లు వాడి, మంచినీళ్లతో కడిగి ఆరనిచ్చి అప్పుడు వదలండి. కూనకు ఆవుపాలు పోయొద్దు, కడుపు జారుతుంది. ఉడికించిన కోడిమాంసం ఉప్పూ కారం లేకుండా పీచులుగా విడదీసి పెట్టండి.

రాణి రేపు కూడా తినకపోతే చూద్దాంలే అనుకోవద్దు. పిల్లి వరుసగా కొన్ని రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. కోపంతో మానేసిందని మనం అనుకుంటాం, ఒక్కోసారి లోపల జబ్బే ఉంటుంది. పరుపు మీద పోయడం కూడా అంతే, మూత్రంలో మంట ఉందేమో చూపించండి.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

పందొమ్మిది రోజులైంది, చెప్పాలనిపించింది. మరుసటి రోజే రాణిని తీసుకెళ్లాం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు, మందులు వేస్తే మూడో రోజుకు తినడం మొదలుపెట్టింది. పెద్దాయన చెప్పకపోతే నేను అదంతా కూన మీది అలక అనుకునేదాన్ని. కూనకు మొదటి టీకా, నట్టల మందు అయ్యాయి.

గుడ్డముక్క చూసి రాణి మొదటి రెండు రోజులు దూరంగా వెళ్లి పడుకుంది, ఐదో రోజు దాని మీదే పడుకుంది. వారం రోజులుగా జాలీకి అటూ ఇటూ తింటున్నాయి. నిన్న సాయంత్రం, రెండు వారాలు దాటాయి కదా అని, మొదటిసారి జాలీ తీశాను. కొబ్బరి ఈనెకు దారం కట్టి కూనను ఆడిస్తుంటే రాణి కడపబండ అల్మారా పైకెక్కి చూస్తూ కూర్చుంది. ఒకసారి గుర్రుమంది గానీ కిందికి దూకలేదు. పది నిమిషాలకే మళ్లీ గదిలో పెట్టేశాను. ఈరోజు పొద్దున చూస్తే రాణే వెళ్లి జాలీ ముందు కూర్చుని ఉంది. మా అత్తమ్మ పిలిచి చూపించారు.

మిద్దె మెట్లు (అనంతపురం)

అక్కా, చాలా సంతోషం. ఈరోజు కూడా పది నిమిషాలే ఉంచు, తొందరపడొద్దు. తొట్లు రెండు కాదు, మూడు పెట్టు, వేరే వేరే చోట్ల.