ఫ్రెంచ్‌లో "కావాలి", "ఇష్టం": ఇంగ్లీషులో ఆలోచిస్తే బెడిసికొడుతోంది

లియోన్_కొత్త: వచ్చి రెండు నెలలు. బేకరీలో "ఐ వాంట్" లెక్కన "జ వో ఆఁ క్రువాసాఁ" అన్నాను. ఆవిడ మొహం చిట్లించింది. "జ వుద్రే" అనాలా? ఇష్టానికి జెమ్, జెమ్ బ్యాఁ, జాదోర్‌లలో ఏది ఎప్పుడు?

మాంట్రియల్_అక్క: తమ్ముడూ, లోపలికి వెళ్లగానే "బోఁజూర్", అంటే నమస్తే, అన్నావా? అనకపోతే ఎంత మర్యాదగా అడిగినా అంతే. టెఫ్ అనే ఫ్రెంచ్ పరీక్షలో, స్పీకింగ్ మొదటి సెక్షన్‌లో వివరాలు అడగాలి కదా, నేను "జ వుద్రే సవ్వార్", అంటే "తెలుసుకోవాలనుకుంటున్నానండీ", పట్టుకునే గట్టెక్కాను.

యానాం_మాస్టారు: మాది యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల పాలన, మా తాత ఆ బడిలోనే చదివారు. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. కొట్లో "జ వో" అంటే "నాకిది కావాలంతే" అన్నట్టు. "జ వుద్రే" అంటే "ఒకటి ఇస్తారా అండీ". ఇందులో చర్చే లేదు.

పారిస్_కౌంటర్: ఉంది మాస్టారూ. రోజూ కౌంటర్ వెనక నిలబడేది నేను. మా దగ్గర చాలామంది "జ వే ప్రాఁద్ర్", అంటే తీసుకుంటాను అంటారు. లేదా "ఆఁ కఫే, సిల్ వు ప్లే", అంటే "ఒక కాఫీ, ప్లీజ్" అని ఊరుకుంటారు.

యానాం_మాస్టారు: అది తప్పని నేనన్నానా? కొత్తగా వచ్చినవాడికి ముందు ఎవరూ వంక పెట్టలేని మాట నేర్పాలి. ఇరవై ఏళ్ల అనుభవాన్ని ఒక్క కౌంటర్‌తో కొట్టేయకండి.

పారిస్_కౌంటర్: తాతగారి బడి వేరు, ఈనాటి వీధి వేరు. వచ్చి వినండి.

బి1_రెండోసారి: బి1 స్థాయి ఫ్రెంచ్ పరీక్షలో నా మార్కులు పోయింది ఇక్కడ కాదు. "జెమ్ ల కఫే" (కాఫీ ఇష్టం)ని కాదనాలంటే "జ నెమ్ పా ల కఫే", ల అలాగే ఉంటుంది. "జ వో దు కఫే" (కాస్త కాఫీ కావాలి)ని కాదంటే మాత్రం "జ న వో పా ద కఫే", దు కాస్తా ద అయిపోతుంది. ఇష్టం కాఫీ అనేదాని మీద, కావాల్సింది కాస్త కాఫీ. కోచింగ్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు.

తులూజ్_తెలుగు: "జ తెమ్ బ్యాఁ" సంగతి ఎవరూ ఎత్తరేం? "జ తెమ్" అంటే "నిన్ను ప్రేమిస్తున్నాను". బ్యాఁ అంటే "బాగా" కదా, "నువ్వంటే బాగా ఇష్టం" అవుతుందనుకుని ఒకమ్మాయికి మెసేజ్ పెట్టాను. మనుషుల దగ్గర బ్యాఁ చేరితే ప్రేమ తగ్గి స్నేహమవుతుంది. ఆమె అలాగే తీసుకుంది. ఏడాదైంది, ఇంకా బాధగానే ఉంది.

మాంట్రియల్_అక్క: అయ్యో. అసలు ఇంగ్లీషు మీదుగా పోవడమే తప్పు బాబూ. "స మ ప్లే" అంటే "నాకు నచ్చింది", అచ్చం మన వరసే. "తు మ మాఁక్" కూడా అంతే, "నువ్వు నాకు లోటు". ఇంగ్లీషువాళ్లు తిరగేసుకోవాలి, మనకు నేరుగా వస్తుంది.

లియోన్_కొత్త: అక్కా, ఇవాళ బోఁజూర్, వుద్రే రెండూ చెప్పాను. నవ్వుతూ ఇచ్చింది! తర్వాత "అవెక్ ససీ?" అంది. అర్థంకాక నిలబడిపోయాను.

పారిస్_కౌంటర్: ఇంకేమైనా కావాలా అని, బ్రో. వద్దంటే "స స్రా తు, మెర్సీ", అంటే "అంతే, థాంక్స్".