చందుర్తి సిపాయికి జాంగియానా, ప్యాంటా? బొమ్మలకి యూనిఫాం పట్టింపు ఎంతవరకు?

కాకినాడ కుంచె

అందరికీ నమస్కారమండీ. చందుర్తి యుద్ధాన్ని 28 మి.మీ. బొమ్మలతో డయోరమాగా, అంటే బల్ల మీద చిన్న దృశ్యంగా కడుతున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: 1758 డిసెంబరులో మన గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఇంగ్లీషు కంపెనీకీ ఫ్రెంచివాళ్లకీ జరిగిన యుద్ధం ఇది. ఇంగ్లీషువాళ్లు దీన్ని కాండోర్ అని రాసుకున్నారు. బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చిన కల్నల్ ఫోర్డ్ ఇంగ్లీషు వైపు, కాన్‌ఫ్లాన్స్ ఫ్రెంచి వైపు. విజయనగరం రాజావారు ఆనందరాజు ఫోర్డ్ పక్షం.

సిపాయిల మొదటి వరస పూర్తిచేసి ఫొటో పెడితే ఒక పెద్దాయన వెంటనే పట్టేశారు. "ఎర్రకోటు బాగుంది. కింద ఆ పొడుగు తెల్ల ప్యాంటు ఏంటి? అప్పటి సిపాయికి తొడల దాకా జాంగియా, కింద ఉత్తకాళ్లు. గీకేసి మళ్లీ వెయ్" అన్నారు. అదే ఫొటో కింద ఇంకొకాయన "బల్ల మీది బొమ్మకి వంగి మోకాళ్లు చూసేదెవరు, వదిలెయ్" అన్నారు. ప్యాంటు అచ్చులోనే ఉంది. జాంగియా కావాలంటే కత్తితో చెక్కి, పుట్టీ పెట్టి, మోకాలు మళ్లీ తీర్చాలి. చిన్న పని కాదు. నా మటుకు నాకు కోటు రంగు కుదిరితే చాలనిపిస్తోంది. మీరేమంటారు?

మెట్ట మాస్టారు

కోటు రంగు దగ్గరే మొదలుపెడదాం. ఈ యుద్ధంలో అసలు సంగతి అదే.

ఫోర్డ్ దగ్గర సుమారు 500 మంది యూరోపియన్లు, 2000 మంది సిపాయిలు. దక్షిణాదిలో కంపెనీ సిపాయిలు అప్పటికి తెల్ల బట్టల్లోనే ఉండేవారు. ఫ్రెంచివాళ్లు ఇన్నేళ్లూ చూసింది వాళ్లనే. బెంగాల్ సిపాయిల సంగతి వేరు. 1757లో క్లైవ్ అక్కడ పెట్టిన తొలి పటాలానికి ఎర్రకోట్లు తొడిగాడు, లాల్ పల్టన్, అంటే ఎర్ర పటాలం అనే పేరు అలాగే వచ్చింది. ఫోర్డ్ ఆ బెంగాల్ వాళ్లని ఓడెక్కించి మన దగ్గర దించాడు. యుద్ధం రోజున అతని యూరోపియన్ పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున ఉండిపోయింది. ఫ్రెంచివాళ్లకి కనబడింది పక్కనున్న ఎర్రకోటు సిపాయిలు. ఇంగ్లీషు సోల్జర్లు వీళ్లే అనుకుని మీద పడ్డారు, చెదరగొట్టారు, గెలిచేశామనుకుని వరస తప్పి తరుముకుంటూ పోయారు. అప్పుడు చేను చాటునుంచి అసలు పటాలం బయటికొచ్చింది. కాసేపట్లో ఫ్రెంచి ఫిరంగులు, ఆ వెనకే వాళ్ల శిబిరం ఫోర్డ్ చేతికొచ్చాయి. ఏప్రిల్ కల్లా మచిలీపట్నం కోట కూడా పోయింది.

కోటు రంగుకి ఇంత పనున్న యుద్ధాలు చరిత్రలో ఎన్నో లేవండీ. అందులో ఒకటి మన జిల్లాలో జరిగింది. ఇలాంటిదాన్ని బొమ్మ కడుతూ "ఎవడు చూస్తాడు" అనే మాట అనకూడదు. జాంగియా వెయ్యండి.

రావులపాలెం రెజిన్

మాస్టారూ, ప్యాంటు వదిలెయ్యమనే నా వాదనని మీ కథతో మీరే గెలిపించారు. ఫ్రెంచివాడు చూసింది ఎరుపు. ఆ దూరంలో ఆ పొగలో వాడికి జాంగియా కనబడలేదు, ప్యాంటూ కనబడలేదు. వాడికి కనబడనిది నా బల్ల ముందు నిలబడ్డవాడికి మాత్రం ఎందుకు కనబడాలి? కోటు ఎరుపు కచ్చితంగా ఉండాలి, ఒప్పుకున్నాం. మిగతాది పెయింటర్ ఇష్టం.

ఇంకో మాట. జాంగియా, జాంగియా అంటున్నారు గానీ ఆ బొమ్మలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? జనం చూసి వేసే సిపాయి చిత్రాలు ఎక్కువగా 1780ల తర్వాతివి. ఒకడు వాటిని చూసి పుస్తకంలోకి బొమ్మ (ప్లేటు) గీస్తాడు, ఇంకొకడు ఆ ప్లేటు చూసి బొమ్మ పోస్తాడు, మూడోవాడు ఆ బొమ్మని చూసి ఇక్కడ మనకి క్లాసు పీకుతాడు. పాతికేళ్ల తర్వాతి నిక్కరు తెచ్చి 1758 వాడికి తొడిగి దాన్ని కచ్చితత్వం అంటే ఎలాగండీ?

అసలు మన ఊళ్లలో కాటన్ దొర విగ్రహాలు చూశారా? ఒక ఊళ్లో కోటు నీలం, పక్క ఊళ్లో గోధుమ, కాలవ అవతలకి పోతే బంగారు రంగు. ప్రతి మే 15కీ కొత్త రంగు పడుతుంది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆగాయా లేదా అన్నదే జనానికి ముఖ్యం, కోటు కాదు.

యానాం కుర్రోడు

అందరూ ఎర్రకోటు మీదే పడ్డారు. మా ఫ్రెంచోళ్లు ఓడిపోయారని వాళ్లకి రంగు కూడా వెయ్యరా ఏంటి 😀

బందర్లంక నేత

మీరిద్దరూ "ఎరుపు" అని ఒక్క మాటలో తేల్చేశారు. ఏ ఎరుపు?

మాది నేతపని ఇల్లు, అద్దకం చూస్తూ పెరిగాను. బ్రిటిష్ సైన్యంలో మామూలు సోల్జర్ కోటుకి వేసింది మాడర్ అనే వేరు రంగు, మన మంజిష్ఠకి చుట్టం. ఆఫీసరు కోటుకి కొచినీల్, అంటే నాగజెముడు జాతి మొక్క మీద బతికే పురుగు నుంచి తీసే రంగు. పురుగు రంగు నిప్పులా ఉంటుంది. వేరు రంగు ఇటుక రంగు వైపు లాగుతుంది. ఒక వరసలో ఆఫీసరూ జవానూ ఒకే డబ్బాలో ముంచినట్టు మెరిసిపోతుంటే అక్కడే తేడా తెలిసిపోతుంది.

ఒకప్పుడు బందరు అద్దకానికి వాడిన చిరువేరు చూడండి. పటిక పట్టిన చోటే రంగు నిలుస్తుంది. పటిక హెచ్చుతగ్గులైతే ఒకే తానులో ఆ చివరా ఈ చివరా వేరువేరుగా వస్తాయి. ఆపైన ఎండ, చెమట, ఉతుకు. భుజాల మీద ముందు వెలుస్తుంది. ఛాతీ మీద అడ్డంగా వేసే క్రాస్ బెల్టు కింద గుడ్డ మాత్రం కొత్తదిలాగే ఉంటుంది. బెల్టు కాస్త జరిగితే పక్కన సన్నగా ముదురు గీత కనబడుతుంది. చంకలో, మడతలో కూడా అంతే. బెంగాల్ నుంచి ఓడ మీద వచ్చి, తీరం నుంచి చందుర్తి దాకా నడిచినవాడి కోటు పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు ఉండదు కదా.

నేనైతే మూడు ఎరుపులు కలుపుకుంటాను. ఒకటి ఇటుక వైపు, ఒకటి మాగిన మిరపపండు రంగు, ఒకటి అందులోనే చిటికెడు తెలుపు కలిపి వెలిసినట్టు. వరసలో కలగలిపి వేస్తాను. పుస్తకం చూసి నంబరు చెప్పేవాళ్లకి ఇది తప్పులా కనిపించొచ్చు. గుడ్డ తెలిసినవాళ్లకి ఇదే రైటు.

మాధవరం మనవడు

నేత గారి మాటకి నాదో ఓటు. మాది మిలిటరీ మాధవరం. తాడేపల్లిగూడెం వైపు ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధానికి మా ఊరు ఒక్కదాన్నుంచే వెయ్యిమందికి పైగా వెళ్లారు. మా తాతయ్య బర్మా ఫ్రంట్‌లో ఉన్నాడు. ఆయన ఫొటో చూసి 54 మి.మీ. బొమ్మ వేసి ఒక షోకి తీసుకెళ్లాను. జడ్జి చేతిలో రంగుల చార్టు ఉంది. బొమ్మ పక్కన పెట్టి "ఈ ఆకుపచ్చ తప్పు" అని మార్కులు కోసేశాడు.

ఏ ఆకుపచ్చ రైటండీ? బర్మాకి మొదట పోయినవాళ్లది ఎడారి ఖాకీ. అడవిలో అది మెరుస్తుందని 1942, 43ల్లో అక్కడికక్కడే ఆకుపచ్చ అద్దారు. తర్వాత తర్వాత జంగిల్ గ్రీన్ బట్టలు వచ్చాయి. ఒకే ప్లటూన్‌లో పది పచ్చలు ఉంటాయి. ఫొటోలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి చొక్కాలే కలవవు.

కానీ అదే షోలో కోహిమా డయోరమా ఒకటి ఉంది. 1944 యుద్ధం. జవాను ఛాతీ మీద బర్మా స్టార్ రిబ్బన్, మధ్యలో ఎరుపు, అటూ ఇటూ నీలం, ఆ నీలంలో నారింజ గీతలు, ఎంత సన్నగా వేశాడో! ఆ పతకాన్ని 1945లో గానీ ప్రకటించనే లేదు. దాన్ని ఎవరూ అడగలేదు. ప్రైజు కూడా వచ్చింది.

అందుకని నా లెక్క ఇది. రంగు షేడ్ దగ్గర పట్టుపట్టకండి, అది నిజంగానే రకరకాలుగా ఉండేది. పతకం, ర్యాంకు, ఫార్మేషన్ గుర్తు (ఏ దళమో చెప్పే బ్యాడ్జి) మాత్రం తప్పకూడదు. అవి ఒక మనిషి సంపాదించుకున్నవి.

రావులపాలెం రెజిన్

మనవడు గారూ, జడ్జి విషయంలో మీ పక్షమే నేను. చార్టు పట్టుకుని తిరిగేవాళ్లే ఈ హాబీకి తెగులు. స్పెయిన్‌లో ఫ్రెంచివాళ్లతో పోరాడిన ఇంగ్లీషు సేనాధిపతి వెల్లింగ్టన్ సైన్యం చిరిగిన ప్యాంట్లకి అక్కడ దొరికిన గోధుమరంగు గుడ్డ అతుకులేసుకుని తిరిగింది. ఆయన పట్టించుకోలేదు. సేనాధిపతికే లేని పట్టింపు మనకెందుకు?

మా దగ్గరికి ఆదివారం పిల్లలు వస్తారు. మొదటి బొమ్మకే బటన్ల లెక్క అడిగితే రెండో బొమ్మ ముట్టుకోరు.

మెట్ట మాస్టారు

పిల్లల్ని అడగమని ఎవరన్నారండీ! డయోరమా కట్టే పెద్దవాళ్లని అడుగుతున్నాను.

"టోపీయే కదా, నిక్కరే కదా" అనే మాటకి ఒక జవాబు వేలూరులో ఉంది. మద్రాసు సైన్యానికి కొత్త తలపాగా తెచ్చారు, దానికి తోలు కాకేడ్, అంటే తలపాగాకి తగిలించే గుర్తు. గడ్డాలు తీయాలి, నుదుట బొట్టు ఉండకూడదు అన్నారు. 1806 జులై 10న తెల్లవారకముందే వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. టిప్పు కొడుకులు ఆ కోటలోనే ఉన్నారు, వేరే కారణాలూ ఉన్నాయి. కానీ అంటుకున్నది తలపాగా దగ్గరే. గవర్నర్ బెంటింక్‌నీ, సేనాధిపతి క్రాడక్‌నీ ఇద్దర్నీ వెనక్కి పిలిచేశారు. ఇప్పుడు వేలూరు డయోరమా కట్టి "తలపాగా ఏదైతేనేం" అంటారా?

ఇక జాంగియా సంగతి. ఫ్రెంచివాడికి కనబడనిది చూసేవాడికి ఎందుకు కనబడాలి అన్నారు రెజిన్ గారు. అందుకే కనబడాలి! యూరోపియన్‌కి మూడు మూలల టోపీ, మోకాళ్ల దాకా ఉండే తెల్ల బ్రీచెస్. సిపాయికి తలపాగా, కింద ఉత్తకాళ్లు. ఇంత తేడా ఉండి కూడా, కోటు ఎరుపుగా ఉందన్న ఒక్క కారణానికి ఫ్రెంచివాళ్లు పొరబడ్డారు. బల్ల దగ్గర నిలబడ్డ మనిషి "అయ్య బాబోయ్, వీళ్లని చూసి వాళ్లనుకున్నారా!" అని నోరెళ్లబెట్టాలి. మీరు సిపాయికి పొడుగు తెల్ల ప్యాంటు వేశారనుకోండి, దూరం నుంచి వాడు యూరోపియన్ లాగే ఉంటాడు. ఫ్రెంచివాళ్ల పొరపాటు మామూలుదైపోతుంది. ఆ యుద్ధంలో వింత ఏముందో చూసేవాడికి తెలీదు.

రావులపాలెం రెజిన్

ఈ పాయింటు బాగుంది, కాదనను. అదే చోట నా ప్రశ్న కూడా అలాగే ఉంది: 1758 జాంగియాకి 1758 బొమ్మ చూపించండి.

మెట్ట మాస్టారు

1758 పొడుగు ప్యాంటుకి మీరు చూపించండి.

యానాం కుర్రోడు

అయిపోయింది, ఇద్దరూ గోదారి గట్టెక్కేశారు.

పేరూరు పిల్ల

మధ్యలో ఒక చిన్న డౌటండీ. మా ఇంట్లో సంక్రాంతి బొమ్మల కొలువులో పాత మట్టి సిపాయిలు ఉన్నారు, అమ్మమ్మ కాలంవి. కోటు ముదురాకుపచ్చ, మీసాలు చెవుల దాకా, తుపాకీ పసుపు. రంగు అక్కడక్కడా రాలుతోంది. ఈ చర్చ చదివాక సరైన రంగులు వేయించాలా అని ఆలోచిస్తున్నాను.

మెట్ట మాస్టారు

ముట్టుకోకు తల్లీ! ఆ పచ్చకోటు సైన్యానిది కాదు, ఆ బొమ్మ చేసినాయనది. ఆయన సిపాయిని ఎలా ఊహించాడో చెప్పేది అదొక్కటే. రాలకుండా నిలబెట్టు, అంతే. కొండపల్లి బొమ్మకి కూడా ఎవరైనా రెజిమెంట్ అడుగుతారా?

రావులపాలెం రెజిన్

మాస్టారి నోట ఈ మాట విన్నాను, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా.

మెట్ట మాస్టారు

పెట్టుకోండి. కొలువు బొమ్మ "ఇది చందుర్తి, 1758" అని చీటీ అంటించుకోలేదు. చీటీ అంటించినవాడు జవాబు చెప్పాలి.

కాకినాడ కుంచె

ఇంత మాట్లాడినందుకు అందరికీ థ్యాంక్సండీ. నేను చేయబోయేది చెప్తాను. ఎరుపు నేత గారు చెప్పినట్టు మూడు రకాలు. బెల్టు పక్కన ముదురు గీత నిన్న రాత్రి ఒక బొమ్మకి వేసి చూశాను, సన్నటి డబుల్ జీరో బ్రష్‌తో, వాష్ (పల్చని రంగు పూత) కాకుండా గీతగానే. ఒక్క గీతతో కోటు బరువెక్కింది. జాంగియా ముందు వరసకి చెక్కుతాను. మాస్టారు చెప్పిన "అయ్య బాబోయ్" అక్కడ పడాలి. వెనక వరసల నడుము నుంచి కింద పొగ, దూది పెడుతున్నాను. రెజిన్ గారు ఏమైనా అనుకోండి.

రాజావారి బలగం నాకు హాయి. వాళ్లకి యూనిఫాం లేదు, బల్లేలు, విల్లులు, ఎవరి పంచె వాళ్లది. చేను మాత్రం మొదట కొన్న గడ్డి మ్యాట్‌తో కుదరలేదు. మనిషి 28 మి.మీ. ఉంటే, పటాలాన్ని దాచే చేను 40 మి.మీ. దాటాలి. కొబ్బరి పీచు చీల్చి పెడుతున్నాను.

ఒక్కటే సందేహం మిగిలింది. మ్యాట్ వార్నిష్ స్ప్రే ఇప్పుడు కొట్టొచ్చా? ముసురు వదలట్లేదు.

బందర్లంక నేత

వద్దండీ. గాలిలో ఇంత తడి ఉన్నప్పుడు కొడితే బొమ్మ మీద తెల్లగా మబ్బు పట్టేస్తుంది. మూడు ఎరుపులూ ఒక్కటైపోతాయి. బ్రష్‌తో వేసే మ్యాట్ తీసుకోండి, లేదంటే ముసురు తగ్గేదాకా ఆగండి.

రావులపాలెం రెజిన్

బ్రష్‌ది నా దగ్గర ఉంది, ఈ ఆదివారం రండి. జాంగియా చెక్కిన బొమ్మ కూడా పట్టుకురండి, పిల్లలకి చూపిద్దాం. వాళ్లకి ప్యాంటే నచ్చుతుందని నా పందెం.