సమస్యాపూరణం: చెవుడు గలుగ మాట చిక్కు వీడె

కొర్లగుంట, తిరుపతి:
ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తి చేయాల.

చెవుడు గలుగ మాట చిక్కు వీడె

చెవుడొస్తే మాట చిక్కుపడాలి గానీ వీడడమేంది అంటారా? అదే సమస్య. షరతు ఒక్కటే, పద్యంలో ఒక పిల్లవాడుండాలి. వాడి ఊతపదంతో ఇంట్లోవాళ్లకు తల తిరుగుతుండాలి. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో నడుమ కుదరాల్సిన అక్షరం, ఇక్కడ చె–చి. కంద పద్యంలో పంపకండి, పోయినసారి ఇద్దరు పంపినారు.

చంద్రగిరి:
అన్నా, నా మొదటి ప్రయత్నం.

అవ్వ చెవికి జేరి యరచి చెప్పగ వలె
నాన్చ లేడు మనుమ డచట మాట
కొద్ది మాట లేరి గొంతెత్తి పలుకగా
చెవుడు గలుగ మాట చిక్కు వీడె

పలమనేరు పంతులు:
ఊహ చాలా బాగుంది నాయనా. చెవుడు అవ్వది, చిక్కు మనుమడిది. చెవిటివాళ్లకు చెప్పేటప్పుడు ఎవరైనా అడ్డమాటలు వదిలేసి, కావలసిన నాలుగు మాటలే గట్టిగా చెబుతారు. రెండో పాదంలో మాత్రం యతి పోయింది. ‘నా’కు ‘డచట’ కుదరదు. ‘నాన్చ లేడు మాట నసయు లేదు’ అని చూడు. నస అన్న మాట కూడా దొరికింది.

చంద్రగిరి:
మార్చుకున్నాను సార్. గణాలు వేళ్ల మీద లెక్కపెట్టి, యతి మరిచిపోయినాను.

పుత్తూరు:
మా ఊళ్లో విరిగిన ఎముకకు కట్టు కడతారు, విరిగిన మాటకు కట్టడం నాకు రాదు. అయినా ఇదిగో.

నాన్న చెవుల కేమొ నల్లని బిరడాలు
పిలిచి పిలిచి బుడుత బిక్క బోయె
నసయు లేదు మాట నాల్కపైనే లేదు
చెవుడు గలుగ మాట చిక్కు వీడె

పలమనేరు పంతులు:
ఇయర్‌ఫోన్లను బిరడాలు అనడం భలే. ఛందస్సులో తప్పు పట్టడానికి లేదు. అర్థంలో ఉంది. ఇక్కడ చిక్కు వీడలేదు, పిల్లవాడు నాన్నతో మాట్లాడడమే మానేసినాడు. ఊతపదాన్ని వినకపోవడం వేరు, బిడ్డను వినకపోవడం వేరు.

ఇంకో మాట, బడిలో ముప్పై ఏళ్లు చూసినవాణ్ణి గనక. రెండు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు మాట తడబడడం మామూలే, చాలామందిలో అదే పోతుంది. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసి మొహం బిగుసుకుంటుంటే, అది ఊతపదం కాదు, నత్తి. దానికి స్పీచ్ థెరపిస్టు కావాలి. ఈ చెవుడు వైద్యం నత్తి మీద ప్రయోగించకండి.

పుత్తూరు:
దెబ్బ తగిలింది సార్. బిరడాలు తీసేసినాను, నిజంగానే.

కొర్లగుంట, తిరుపతి:
ఇక నా పూరణ. సమస్య మా ఇంట్లోదే. మావాడికి ఏడేళ్లు, నోరు తెరిస్తే ‘ఏందంటే’. అలిపిరి మెట్లు 3,550. వాడి ఏందంటేలు లెక్కపెడుతూ ఎక్కి, గాలిగోపురం దగ్గర లెక్క వదిలేసినాను. ‘మళ్లీనా?’ అని కసిరినప్పుడల్లా రెండు ఎక్కువయ్యేవి. జింకల పార్కు కాడ వాళ్లమ్మ కూర్చోబెట్టి చెప్పింది: “ఏందంటే అన్నావంటే నాకు చెవుడు వస్తుంది రా. అది లేకుండా అడుగు, వినపడుతుంది.” వాడు మూడుసార్లు ఏందంటేతో అడిగినాడు, ఆమె జింకల్నే చూస్తోంది. నాలుగోసారి కాసేపు ఆగి, “అమ్మా, నీళ్లు” అన్నాడు. సీసా ఇచ్చి బుగ్గ పట్టుకుంది. మొదటి నాలుగు రోజులు ఏందంటే ఇంకా పెరిగింది, నాకు ఒకటే టెన్షన్. ఆ తర్వాతే తగ్గింది.

ఎప్పు డేది యడుగ నేందంటె యేందంటె
యనెడి కొడుకు మాట యమ్మ వినదు
ఊత విడిచి పలుక నుబ్బి ముద్దాడెను
చెవుడు గలుగ మాట చిక్కు వీడె

పలమనేరు పంతులు:
ముద్దాడెను దగ్గరే పద్యం నిలబడింది. విననట్టు ఉండడం ఒక్కటే అయితే అది పుత్తూరు వారి పద్యమే. కానీ ‘వినదు’ అంటే నటన అని తెలియదు. రెండో పాదాన్ని ‘యన్న నమ్మ వినని యట్టు లుండె’ అంటే?

చంద్రగిరి:
సార్, అలా మారిస్తే పద్యంలో కొడుకు మాయమైపోతాడు!

పలమనేరు పంతులు:
నిజమే. కొడుకునే ఉంచండి.

కొర్లగుంట, తిరుపతి:
మావాడికి చదివి వినిపించినాను. రొంతసేపు ఆలోచించి అడిగినాడు: “నేను రెండుసార్లే అన్నానా?”