జియార్డియాలో మందును తట్టుకునే గుణం వెసికిల్స్ ద్వారా పాకుతోందని తేల్చేదెలా?

ట్రోఫోజోయిట్ (ప్రశ్న)
పేగులో బతికే ఏకకణ పరాన్నజీవి జియార్డియాలో, మెట్రోనిడజోల్ అనే మందుకి లొంగని రకం వదిలే వెసికిల్స్‌ని (పొర చుట్టిన అతిచిన్న సంచుల్ని) మందుకు లొంగే రకానికి ఇచ్చాక, అదీ మందును కొంత తట్టుకుంటోందనుకుందాం. ఆ పని వెసికిల్స్‌దేనని ఎలా నమ్మాలి? కల్చర్ ద్రవాన్ని (కణాలు పెరిగిన ద్రవాన్ని) సెంట్రిఫ్యూజ్‌లో 300, 2,000, 10,000 జి (భూమి ఆకర్షణకి అన్ని రెట్ల బలం) దగ్గర వరసగా తిప్పి, చివర 1,00,000 జి దగ్గర 70 నిమిషాలు తిప్పితే వచ్చే పెల్లెట్‌ని (అడుగున పేరే ముద్దని) నేరుగా వాడొచ్చా?

అల్ట్రాస్పిన్
నేరుగా వద్దండీ. మీడియంలో (కణాల్ని పెంచే ద్రవంలో) కలిపే సీరంలోనే (రక్తం నుంచి తీసిన ద్రవంలోనే) బోలెడన్ని వెసికిల్స్ ఉంటాయి. ముందు ఆ సీరాన్నే 1,00,000 జి దగ్గర రాత్రంతా తిప్పి, పైతేట మాత్రమే వాడండి. పిత్త లవణాలు, కొవ్వు రేణువులు కూడా పెల్లెట్‌లోకి దిగొచ్చు కాబట్టి కణాలు లేని మీడియాన్నీ అన్నే గంటలు ఉంచి, అలాగే తిప్పి, పక్కన కంట్రోల్‌గా పెట్టుకోవాలి.

ద్రవం తీసేటప్పుడు ట్యూబుని మంచులో పెట్టకండి. చల్లబడితే గోడకి అతుక్కున్న కణాలు ఊడి అందులో కలుస్తాయి. పెల్లెట్‌ని పీబీఎస్‌లో (ఉప్పు బఫర్ ద్రవంలో) కడిగి ఇంకోసారి తిప్పండి.

నైట్రోరిడక్టేజ్
నాకు అంతకన్నా భయం గాలితో. మెట్రోనిడజోల్ తనంతట తాను విషం కాదు. కణంలోని పీఎఫ్‌ఓఆర్ అనే ఎంజైమ్ నుంచి ఫెర్రిడాక్సిన్ అనే ప్రోటీన్ మీదుగా వచ్చే ఎలక్ట్రాన్ అందాకే విషపు రాడికల్ అవుతుంది. ఆక్సిజన్ ఉంటే అది ఆ ఎలక్ట్రాన్‌ని లాగేసుకుంటుంది, మందు మళ్ళీ మామూలు రూపానికొస్తుంది. అంటే పీబీఎస్‌లో కరిగిన గాలి వల్లే కణాలు ఎక్కువగా బతకొచ్చు! అందుకే కంట్రోల్ ట్యూబులోనూ అంతే పీబీఎస్ పోయండి, రెండు ట్యూబుల్నీ అంచుదాకా నింపండి.

వెసికిల్స్ లోపలి సరుకేదో తేలాలంటే ఆర్‌ఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్) ఒక్కటే చాలదు, పొర దాన్ని అడ్డుకుంటుంది. ఒక భాగానికి ఆర్‌ఎన్‌ఏజ్ మాత్రమే, ఇంకో భాగానికి ట్రైటాన్‌తో (పొరని కరిగించే డిటర్జెంట్‌తో) కలిపి ఇవ్వండి. ట్రైటాన్ కణాల్నే చంపుతుంది కాబట్టి ఇది ఆర్‌ఎన్‌ఏ పొర లోపల ఉందో బయట ఉందో తేల్చడానికే, కల్చర్‌లో పోయడానికి కాదు.

ట్రోఫోజోయిట్
వెసికిల్స్ పోగుచేయడానికి కణాల్ని అసలు సీరం లేకుండా ఉంచితే, ఎన్ని గంటలు ఉంచాలి?

అల్ట్రాస్పిన్
గంటల్ని బట్టి కాదు, చావుల్ని బట్టి ఆపండి. గంటకోసారి ట్రిపాన్ బ్లూ (చచ్చిన కణాలకే పట్టే నీలం రంగు) వేసి చూడండి. నీలం కణాలు పెరగడం మొదలైతే పెల్లెట్‌లో చచ్చిన కణాల తుక్కే ఎక్కువ.

ట్యూబులిన్
ఆల్బెండజోల్ అనే ఇంకో మందుతోనూ చేయండి. అది బీటా ట్యూబులిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది, పీఎఫ్‌ఓఆర్‌తో పనిలేదు. రెండు మందుల్నీ తట్టుకుంటే అది మొత్తంగా ఒత్తిడిని ఓర్చుకోవడం కావచ్చు. మెట్రోనిడజోల్‌నే తట్టుకుంటే ఆ పీఎఫ్‌ఓఆర్ దారిలోనే వెతకాలి.

వెసికిల్స్ కణాల లోపలికి వెళ్ళాయని చూపడానికి పీకేహెచ్ అనే, పొరకి పట్టే మెరిసే రంగు వాడితే, రంగు ఒక్కటే వేసిన ట్యూబు తప్పనిసరి. ఆ రంగు తనంతట తానే వెసికిల్ సైజు ఉండలు కడుతుంది. వెసికిల్స్ తీసేశాక కొన్ని తరాలు పెంచి మళ్ళీ మందు పెట్టండి. తట్టుకునే గుణం అప్పటికి పోతే అది అరువు తెచ్చుకున్నదే.