అప్‌డేట్: రెట్రో కంప్యూటింగ్ గ్రూపు వదిలేస్తున్నా, నా టూల్ సంగతి తేలింది

కమడోర్ 64 అనే 1980ల నాటి కంప్యూటర్ డిస్క్ ఇమేజ్‌లు (ఫ్లాపీలోని డేటా మొత్తాన్ని కాపీ చేసిన ఫైళ్లు) చదివే నా చిన్న టూల్‌ను, గ్రూపు నుంచి తప్పుకునే ముందు ఎలా అప్పగించాలని ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్. పని పూర్తయింది.

అసలు పనికొచ్చింది లైసెన్స్ సలహా. కోడ్ అందరికీ కనిపిస్తున్నా, లైసెన్స్ లేకపోతే దాన్ని మార్చి పంచే హక్కు మిగతావాళ్లకు రాదు. మరో ఇద్దరు రాసిన భాగాలు అందులో ఉన్నాయి కాబట్టి, వాళ్ల అంగీకారం రాతలో తీసుకుని ఎవరైనా వాడుకుని, మార్చి, పంచుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ పెట్టాను. ఆ ఇద్దరిలో ఒకాయన బాధ్యత తీసుకుంటానన్నారు. గిట్‌హబ్ సైట్‌లో ఆ కోడ్ ఉన్న రిపాజిటరీని ఆయన ఖాతాకు ట్రాన్స్‌ఫర్ చేశాను, పాత లింకులు కొత్త చోటికే వెళ్తున్నాయి. అదే పేరుతో నా ఖాతాలో ఇంకోటి తెరిస్తే మాత్రం పాత లింకులు ఆయన దగ్గరికి వెళ్లవు, జాగ్రత్త. ఎవరూ దొరక్కపోతే ఆర్కైవ్ చేయడం మంచిదే. మార్పులు కుదరవు గానీ ఫోర్క్ (సొంత కాపీ) చేసుకోవచ్చు.

టెన్షన్ పెట్టింది టెస్ట్ ఫైళ్లు. వాటిలో వాణిజ్య గేమ్‌ల ఇమేజ్‌లున్నాయి, పంచడానికి అవి నావి కావు. తీసేసి ఖాళీ ఇమేజ్‌లు తయారు చేశాను: 35 ట్రాకులు (డిస్క్ మీది వలయాలు), 683 సెక్టార్లు (ఆ వలయాల్లోని ముక్కలు), మొత్తం 1,74,848 బైట్లు. చివర ఒక్కో సెక్టార్ చదవడంలో లోపముందో లేదో చెప్పే ఎర్రర్ బైట్లు ఉండే రకమైతే 1,75,531. రెండింటికీ టెస్టులున్నాయి.

వెళ్లేముందు కోడంతా తిరగరాయాలన్న నా ఆలోచన అనవసరమని తేలింది. కొత్తాయన ఎలాగూ తన పద్ధతిలో మారుస్తున్నారు. ఎందుకు వెళ్తున్నానో పొడుగ్గా వివరించమన్నారు కొందరు. రెండు లైన్లు రాశాను, ఎవరూ ఇంకేం అడగలేదు.

మళ్లీ వస్తారా అన్నవాళ్లకు: రాను. బగ్‌లు ఆయనకే పంపండి.