దేవరకొండ దగ్గర ఇంటి మీద హామ్ బేస్ స్టేషన్: ఏ సెట్టు, ఏ యాంటెన్నా?

బత్తాయి మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ పక్కన చిన్న ఊరు, హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను. హామ్ రేడియో (వ్యాపారానికి కాకుండా అభిరుచిగా నడిపే రేడియో) పరీక్ష రాసి రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ (మొదటి మెట్టు) లైసెన్స్ తెచ్చుకున్నాను, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (రేడియోలో నా గుర్తింపు పేరు) వచ్చింది. ప్రస్తుతం నా దగ్గరున్నది 5 వాట్ల హ్యాండ్‌సెట్ ఒక్కటే. ఇంట్లో కూర్చుని మాట్లాడితే పక్క ఊరికి కూడా అందడం లేదు.

ఇంటి మీద సరైన బేస్ పెట్టుకోవాలని ఉంది. రెండంతస్తుల స్లాబు, దానిమీద మెట్ల గది, ఆ పైన నీళ్ల ట్యాంకు. ట్యాంకు పైభాగం నేల నుంచి సుమారు 9 మీటర్లు. పై గది పిల్లల చదువుకి పోయింది కాబట్టి సెట్టు కింద గదిలోనే పెట్టాలి. అంటే కేబుల్ 20 మీటర్ల దాకా పడుతుంది. బడ్జెట్ 30,000.

షాపతను 50 వాట్ల డ్యూయల్ బ్యాండ్ (రెండు ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో పనిచేసే) సెట్టు తీసుకోమంటున్నాడు, సన్న కేబుల్ ఫ్రీగా ఇస్తాడట. యాంటెన్నా ఫైబర్‌గ్లాస్ పొడుగుది బాగుంటుందంటున్నాడు. డబ్బంతా సెట్టు మీదే పెట్టాలా? ఇంకో రెండు సందేహాలు. ఇక్కడి నుంచి హైదరాబాద్ వాళ్లతో మాట్లాడొచ్చా? నాలుగు కిలోమీటర్ల దూరంలో బత్తాయి తోట ఉంది, తమ్ముడు చూసుకుంటాడు. పాత హ్యాండ్‌సెట్ వాడికిస్తే పర్వాలేదా?

పానగల్ పాతకాపు

మాస్టారూ, పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. నా లెక్కలో ముందు ఎత్తు, తర్వాత కేబుల్, ఆ తర్వాత యాంటెన్నా, చివర్న సెట్టు. షాపులో వరస తిరగేసి చెప్తారు, ఎందుకంటే లాభం సెట్టు మీద ఉంటుంది.

ఫ్రీగా వచ్చే సన్న కేబుల్ ఆర్‌జీ-58 అయ్యుంటుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర 20 మీటర్లకు దాంట్లో సుమారు 4 డీబీ (డెసిబెల్), అంటే సగం పైన పవర్, పోతుంది. 25 వాట్లు పంపితే పైకి చేరేది 10. ఆర్‌జీ-213 వేస్తే 16, 17 చేరతాయి. ఎల్‌ఎంఆర్-400 రకం అయితే 20 దాకా. వినేటప్పుడు కూడా అంతే నష్టం, దాన్ని వాట్లు పెంచి సరిచేయలేరు. కాబట్టి ఆ ఫ్రీ కేబుల్‌కి దండం పెట్టి అక్కడే వదిలేయండి.

బేస్ స్టేషన్ అంటే ప్రత్యేకమైన పెట్టె ఏం కాదు. కార్లలో బిగించే మొబైల్ సెట్టునే టేబుల్ మీద పెట్టి 13.8 వోల్టుల పవర్ సప్లై ఇస్తే అదే బేస్. 50 వాట్ల దగ్గర సెట్టు 10 ఆంపియర్ల పైన లాగొచ్చు, అందుకని 20 ఆంపియర్ల సప్లై తీసుకోండి. డ్యూయల్ బ్యాండ్ అక్కర్లేదు, 144-146 మెగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటి చాలు. మిగిలిన డబ్బు కేబుల్‌లో పెట్టండి. మీ గ్రేడ్‌కి ఎంత పవర్ అనుమతో లైసెన్స్ నిబంధనల్లో చూసి సెట్టుని ఆ మెట్టు మీదే ఉంచండి.

మన దగ్గర గాలి లేవగానే కరెంటు పోతుంది కదా. ఇన్వర్టర్‌కున్న 12 వోల్టుల బ్యాటరీ నుంచే ఒక లైను తీసుకోవచ్చు. బ్యాటరీ టెర్మినల్ పక్కనే ఫ్యూజు పెట్టాలి, సెట్టు దగ్గర కాదు. నడుమ వైరు ఎక్కడ ఒరుసుకుపోయినా మంట లేవకూడదు.

యాంటెన్నా ఇంట్లోనే చేసుకోండి. క్వార్టర్ వేవ్ గ్రౌండ్ ప్లేన్ అంటే ఎస్‌ఓ-239 సాకెట్ (కేబుల్ ప్లగ్గు బిగించేది) మధ్యలో నిలువుగా ఒక కడ్డీ, నాలుగు మూలలకు నాలుగు కడ్డీలు. నిలువుది 49 సెంటీమీటర్లు, కిందివి ఒక రెండు సెంటీమీటర్లు ఎక్కువ. వాటిని 45 డిగ్రీలు కిందికి వంచితే కేబుల్‌కి సరిపోయే 50 ఓములకు దగ్గరగా వస్తుంది. గ్యాస్ వెల్డింగ్ షాపులో ఇత్తడి కడ్డీలు దొరుకుతాయి. కొంచెం పొడుగ్గా కోసి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తుందో చూపేది) చూస్తూ తగ్గించుకుంటూ రండి. ఫిజిక్స్ మాస్టారికి ఇంతకంటే చెప్పడం బాగోదు. పదో తరగతి పిల్లల చేత చేయించినా అయిపోతుంది.

హైదరాబాద్ సంగతి. 12 మీటర్ల ఎత్తు యాంటెన్నాకు వీహెచ్‌ఎఫ్‌లో (మీ 144-146 ఉండేది అందులోనే) చూపు, అంటే అడ్డం లేకుండా సిగ్నల్ అందే దూరం, 14 కిలోమీటర్లు. అవతలిది కూడా అంతే ఎత్తుంటే 28. నేల చదునుగా ఉంటేనే ఈ లెక్క, మనకు ఖిల్లా గుట్టలున్నాయి. డాబా ఎక్కి ఎటు అడ్డమొస్తున్నాయో ముందు చూడండి. హైదరాబాద్‌కి రోజూ నమ్మకంగా మాట్లాడాలంటే 7 మెగాహెర్ట్జ్ పట్టాలి, దానికి వేరే హెచ్‌ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ, ఎక్కువ దూరం పోయేది) సెట్టు కావాలి. 20 మీటర్ల పొడుగు డైపోల్ వైరు (మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెన్నా) డాబా నుంచి వేపచెట్టుకి కడితే పగటిపూట రాష్ట్రమంతా దొరుకుతుంది. ఆ పని వచ్చే ఏడాదికి పెట్టుకోండి, ఇప్పుడు 30,000లో రెండూ కుదరవు.

అచ్చంపేట వీయూ3

ఫైబర్‌గ్లాస్ పొడుగు యాంటెన్నా గురించి ఒక మాట. మా ఊళ్లో నా దానికి కోతుల గుంపు పట్టిన గతి చూసి చెప్తున్నా. రెండున్నర మీటర్ల కర్ర కనబడితే అవి ఊగకుండా వదలవు. ఒకటి ఎక్కితే వంగింది, మూడోది ఎక్కేసరికి మొదట్లో విరిగింది. కాటలాగ్‌లో రాసిన 6 డీబీఐ గెయిన్ (యాంటెన్నా బలం) సజ్జ మీద పడి ఉంది. పెద్దాయన చెప్పిన అర మీటరు గ్రౌండ్ ప్లేన్ మీద కూర్చోవడానికి వాటికి చోటుండదు. కేబుల్ కూడా పైపు లోపలి నుంచి దించండి, బయట వేలాడితే పీకుతాయి.

తోట విషయంలో మాత్రం జాగ్రత్త మాస్టారూ. మీ తమ్ముడికి లైసెన్స్ లేకపోతే హామ్ సెట్టు చేతికివ్వకూడదు. మీరు ఇటు మాట్లాడుతున్నా సరే, అటు నొక్కేది వాడే కదా. పైగా వ్యాపారం మాటలు హామ్ బ్యాండ్ మీద చేయకూడదు, బత్తాయి రేటు ఎంతన్నా అదీ వ్యాపారమే. లైసెన్స్ అక్కర్లేని వాకీటాకీలు 446.0-446.2 మెగాహెర్ట్జ్‌లో ఉన్నాయి, 2018 నిబంధనల కింద. కొనేటప్పుడు డబ్ల్యూపీసీ (రేడియో లైసెన్సులు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) వారి ఈటీఏ (పరికరానికిచ్చే ఆమోదం) ఉందో లేదో అడగండి. కానీ వాటి పవర్ తక్కువ, నాలుగు కిలోమీటర్లు చెట్ల మధ్య నుంచి అందుతుందని ఆశ పెట్టుకోకండి. తోటకి ఫోనే మేలు. లేదా తమ్ముణ్ణి కూడా పరీక్షకి కూర్చోబెట్టండి, అప్పుడు కుశల ప్రశ్నలకైనా పనికొస్తుంది.

బత్తాయి మాస్టారు

చాలా థాంక్స్. కోతుల సంగతి నాకు తట్టనే లేదు, మా వీధిలో కూడా డిష్‌లు పడేస్తున్నాయి. అయితే సింగిల్ బ్యాండ్ సెట్టు, ఆర్‌జీ-213, ఇంట్లో చేసిన గ్రౌండ్ ప్లేన్. ట్యాంకు పక్కన 3 మీటర్ల జీఐ పైపు, పాత బోరుది ఉంది. పిడుగు గురించి మాత్రం మా ఆవిడకి టెన్షన్. మా నేల అంతా రాయి, రెండడుగులు తవ్వితే బండ తగులుతుంది. ఎర్తింగ్ ఎట్లా?

పానగల్ పాతకాపు

బండ ఉన్నచోట కడ్డీ దిగదు. వంటింటి నీళ్లు పారే పెరటి వైపు, మట్టి లోతున్నచోట గుంత తీసి బొగ్గు, ఉప్పు వేసి రాగి పలక పెట్టించండి. ఒకటి చాలకపోతే దూరంగా ఇంకోటి పెట్టి కలపండి. పైపు నుంచి ఎర్తు పట్టీ వంకర్లు లేకుండా నేరుగా దిగాలి. దాన్ని ఇంటి కరెంటు ఎర్తుతో కూడా కలిపేయండి, వేరువేరుగా ఉంచితే పిడుగు దగ్గర్లో పడ్డప్పుడు ఆ రెంటి తేడా మీ సెట్టు మీదికే వస్తుంది. నేరుగా పడితే ఇవేవీ ఆపవు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు కమ్మగానే కేబుల్ విప్పి కిటికీ బయట వేయండి, సప్లై ప్లగ్గు కూడా తీయండి. ఉరుము వినబడ్డాక విప్పడానికి పోవద్దు.

పైపు ఎత్తేముందు వీధి కరెంటు తీగలు చూడండి. పైపు ఎటు పడినా తీగకి తగలనంత దూరం ఉండాలి. 11 కేవీ లైను దగ్గరుంటే ట్యాంకు అవతలి మూలకి మార్చండి.

అచ్చంపేట వీయూ3

పక్కింటి వాళ్లకి ముందే చెప్పండి, లేకపోతే సెల్ టవర్ పెడుతున్నారని పంచాయితీ పెడతారు. పైపు ఎత్తేది ఆదివారం అయితే నేనూ వస్తా, నానో వీఎన్‌ఏ (యాంటెన్నాని కొలిచే చిన్న మీటర్) తెస్తాను. కనెక్టర్ సోల్డరింగ్ మాత్రం ముందే చేసి పెట్టండి, పీఎల్-259కి (కేబుల్ చివర ప్లగ్గు) మామూలు చిన్న ఐరన్ వేడి చాలదు, 60 వాట్లదైనా ఉండాలి. బయటి జాయింటుకి రబ్బరు టేపు కూడా కొనండి, మామూలు నల్ల టేపు మన ఎండకి ఒక్క వేసవిలో జిగురు వదిలేస్తుంది.