నేపాల్‌లో 20 మెగావాట్ల రన్ ఆఫ్ ది రివర్ ప్రాజెక్టులో ఆఫర్ వచ్చింది, వెళ్లొచ్చా?

విశాఖ_సివిల్

అందరికీ నమస్తే. నేను సివిల్ ఇంజినీర్‌ని, ఇన్నాళ్లూ కాలువ పనులు, చిన్న టన్నెల్ పనులు చేశాను. ఇప్పుడు నేపాల్‌లో లమ్‌జుంగ్ జిల్లాలో ఒక ప్రైవేటు కంపెనీ 20 మెగావాట్ల ప్రాజెక్టుకి హెడ్‌వర్క్స్ (నదిలోంచి నీళ్లు మళ్లించే కట్టడాలు) సైట్ ఇంజినీరుగా రమ్మంటోంది. జీతం నెలకి 80 వేలు, తిండి, వసతి వాళ్లదే.

నా సందేహాలు ఇవి. మన దగ్గర హైడల్ అంటే శ్రీశైలం, సాగర్, సీలేరు. నీళ్లు నిలబెట్టి, కావాల్సినప్పుడు వదులుకుంటాం. వీళ్లేమో డ్యామ్ లేదు, నది పారుతుంటే కరెంటు వస్తుంది అంటున్నారు. మరి హిమాలయాల కింద ఉన్న దేశం, అన్ని నదులు పెట్టుకుని చలికాలం వస్తే మన దేశం నుంచే కరెంటు ఎందుకు కొంటోంది? ఇలాంటి చిన్న కంపెనీలు ప్రాజెక్టు పూర్తి చేస్తాయా, మధ్యలో జీతాలు ఎగ్గొట్టి చేతులెత్తేస్తాయా? ఇంట్లో వాళ్లు వరదల వీడియోలు చూసి ఒకటే టెన్షన్. అక్కడ పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్.

టర్బైన్_మేస్త్రి

తమ్ముడూ, ముందు జీతం సంగతి తేల్చుకో. 80 వేలు ఏ రూపాయల్లో? వాళ్ల రూపాయి మనదానికి కట్టేసి ఉంది, మన 100 అంటే వాళ్ల 160. నేపాలీ 80 వేలైతే చేతికొచ్చేది మన 50 వేలే. ఆఫర్ లెటర్లో ఈ ఒక్క ముక్క రాయించుకోకుండా రైలెక్కకు.

ఇక డ్యామ్ లేకుండా ఎలా అంటావా, ఎత్తే వాళ్ల డ్యామ్. నదికి అడ్డంగా వీయర్ అని చిన్న అడ్డుకట్ట కడతారు, నీటిని పక్కకి మళ్లించి ఇసుక దించే తొట్టెలోంచి టన్నెల్లోకి పంపి, కొండ మలుపు తిప్పి, పెన్‌స్టాక్ అనే పెద్ద గొట్టంలో కిందికి వదులుతారు. మీది 20 మెగావాట్లు కదా, హెడ్, అంటే నీళ్లు దిగే ఎత్తు, 300 మీటర్లు అనుకుందాం, సెకనుకు 8 ఘనపు మీటర్లు చాలు. మన లెక్కలో 280 క్యూసెక్కులు, అంటే ఓ మోస్తరు కాలువ. అదే నీటితో మన డెల్టా కాలువ మీద, డ్రాపు నాలుగు మీటర్లున్న చోట మినీ హైడల్ పెడితే పావు మెగావాటు దాటదు. అప్పర్ తామాకోశీ అనే పెద్ద ప్లాంటులో హెడ్ 822 మీటర్లు, అక్కడ 456 మెగావాట్లు వస్తున్నాయి. దానికి కూడా పెద్ద జలాశయమేమీ లేదు, చలికాలంలో పగలు కాసిని నీళ్లు ఆపుకుని సాయంత్రం డిమాండ్ ఉన్న నాలుగు గంటలు నడుపుకునేంత చెరువు ఉంది, అంతే.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. ఆ 8 ఘనపు మీటర్లు ఏడాది పొడుగునా వస్తాయని ఎవరూ అనరు. చాలా ప్రాజెక్టులు ఏడాదిలో 40 శాతం రోజులు దొరికే ప్రవాహానికి డిజైన్ చేస్తారు, అంటే దాదాపు ఐదు నెలలే ఫుల్ లోడు. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో నదిలో రెండున్నర ఘనపు మీటర్లు వస్తే అందులోంచి నదికి వదలాల్సింది వదిలి, మిగిలిన దానితో ఐదారు మెగావాట్లు తీస్తారు. బోర్డు మీద మాత్రం 20 అనే ఉంటుంది. దేశంలో ఉన్నవి దాదాపు అన్నీ ఇలాంటివే కాబట్టి అన్నిటికీ ఒకేసారి నీళ్లు తగ్గుతాయి. చెప్పుకోదగ్గ జలాశయం ఉన్నది కులేఖానీ ఒక్కటే, మొదటి ప్లాంటు 60, రెండోది 32, మూడోది 14, అన్నీ కలిపినా 106 మెగావాట్లు. దేశం మొత్తం కెపాసిటీ 3000 మెగావాట్లు దాటింది, వర్షాకాలంలో మనకే అమ్ముతారు, జనవరి వచ్చేసరికి మన దగ్గర కొంటారు. 2016కి ముందైతే కొనడానికి సరిపడా లైను కూడా లేదు, చలికాలంలో రోజుకు 16, 18 గంటలు కోత చూసిన జనం వాళ్లు.

అందుకే ఎవరైనా మెగావాట్లు చెబితే నేను పట్టించుకోను. చైత్రంలో ఎన్ని యూనిట్లు అని అడుగుతాను.

నువ్వు హెడ్‌వర్క్స్ అంటున్నావు కాబట్టి ఇంకోటి. నీ అసలు శత్రువు ఇసుక. జూలైలో ఆ నది బూడిద రంగులో పారుతుంది, గ్లాసులో పట్టి రెండు నిమిషాలు ఆగితే అడుగున మెరిసే పొర కనబడుతుంది, అదంతా క్వార్ట్జ్, రన్నర్ (టర్బైన్‌లో తిరిగే చక్రం) స్టీలు కన్నా గట్టిది. తొట్టె 0.2 మిల్లీమీటర్ల పైబడిన రేణువులని దించేలా కడతారు, అంతకన్నా సన్నవి వెళ్లిపోతాయి. పెల్టన్ రకం టర్బైన్ చక్రానికుండే బకెట్ మధ్యలో కత్తి అంచులాంటి స్ప్లిటర్ ఉంటుంది చూడు, ఒక్క వర్షాకాలం తర్వాత అది వేలు మందాన మొద్దుబారిపోయి, బకెట్ లోపల చేప పొలుసుల్లా గుంటలు పడి ఉండటం నేను చేత్తో తడిమి చూశాను. ఝిమ్రుక్ అని 12 మెగావాట్ల పాత ప్లాంటు ఉంది, రన్నర్ అరుగుదల మీద చదువుకునేవాళ్లందరికీ అదే పాఠం. టంగ్‌స్టన్ కార్బైడ్ పూత వేయిస్తారు, మంచిదే, కానీ తొట్టె సరిగ్గా లేకపోతే పూత ఎన్నాళ్లాగుతుంది? నీళ్లు తొట్టెలోకి వెళ్లేచోట వెడల్పు మెల్లగా పెరగాలి. స్థలం లేదని, కొండ తవ్వడం ఖర్చని కాంట్రాక్టర్ అక్కడ కత్తిరిస్తాడు, నీళ్లు ఒక పక్కకే ఉరుకుతాయి, సగం తొట్టె ఉత్తుత్తిదే. డ్రాయింగ్ రాగానే మొదట ఆ భాగం చూడు.

వడ్డీ_లెక్కలు

మేస్త్రి గారు నీళ్లు చెప్పారు, నేను డబ్బు చెబుతాను, అన్నీ నేపాలీ రూపాయల్లోనే.

అక్కడ కరెంటు కొనేది ఒకే ఒక్క పెద్ద కొనుగోలుదారు, నేపాల్ విద్యుత్ ప్రాధికరణ్. మామూలు రన్ ఆఫ్ ది రివర్‌కి యూనిట్ ధర వానాకాలం ఆరు నెలలు 4.80, డిసెంబర్ నుంచి మే దాకా 8.40. ఈ ధర రావాలంటే ఏడాది ఉత్పత్తిలో 30 శాతమైనా పొడి నెలల్లో చూపించాలి. పైన కొన్నేళ్లపాటు ఏటా 3 శాతం పెంపు ఉంటుంది. 20 మెగావాట్లకి, ఏడాది సగటున 65 శాతం నడిస్తే 11.4 కోట్ల యూనిట్లు. సగటు ధర 5.88 పడుతుంది, చేతికి 67 కోట్లు.

ఖర్చు? మెగావాటుకి 20 కోట్లు వేసుకోండి, మొత్తం 400 కోట్లు. అందులో 70 శాతం బ్యాంకు అప్పు, 280 కోట్లు. పది శాతం వడ్డీ అన్నా ఏడాదికి 28 కోట్లు. అసలు పన్నెండేళ్లలో తీర్చాలంటే ఇంకో 23 కోట్లు. ప్లాంటు నడిపే ఖర్చు, రాయల్టీ, బీమా పోను మిగిలేది ఎంతో మీరే చూడండి. వాన తక్కువైన ఏడాది ఆ మిగులు కూడా ఉండదు. పని ఏడాది లేటైతే ఆ 28 కోట్ల వడ్డీ అసలు మీద ఎక్కి కూర్చుంటుంది. ఉత్పత్తి లైసెన్సు 35 ఏళ్లే, తర్వాత ప్లాంటు ప్రభుత్వానికి అప్పగించాలి, కట్టడానికి పట్టిన కాలం కూడా అందులోనే పోతుంది.

లేటు ఎందుకవుతుందో కూడా చెబుతాను. నదిలో పని చేయగలిగేది నవంబర్ నుంచి మే దాకా. దశైన్, తిహార్ పండుగలకి కూలీలు ఊళ్లకి పోతారు, వెనక్కి వచ్చేసరికి నవంబర్ సగం అయిపోతుంది. ఆ సీజన్‌లో వీయర్ పునాది నీటిమట్టం పైకి రాకపోతే ఇక మళ్లీ ఏడాదే. టన్నెల్ ఏ కాలమైనా తవ్వొచ్చు, అందుకని అందరూ టన్నెల్ ఎన్ని మీటర్లు అయిందో చెప్పి మురిసిపోతుంటారు. హెడ్‌వర్క్స్ అడిగితే మాట మారుస్తారు.

అన్నిటికన్నా పెద్దది లైను. ప్లాంటు సిద్ధం, నీళ్లు సిద్ధం, కరెంటు తీసుకెళ్లే 132 కేవీ లైను మాత్రం అడవిలో చెట్ల అనుమతి దగ్గరో, ఎవరి పొలంలోనో టవర్ పరిహారం దగ్గరో ఆగి ఉంటుంది. అప్పుడు మొత్తం వ్యవహారం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. మీ కంపెనీని అడగాల్సింది ఇదే, ఏ సబ్‌స్టేషన్‌కి కలుపుతున్నారు, అది కట్టారా, లైను ఎవరి బాధ్యత?

ఇంకోటి, 2025 బడ్జెట్‌లో కొత్త రన్ ఆఫ్ ది రివర్ ఒప్పందాలకి కొన్నంతకే డబ్బిస్తాం అన్నారు. అంటే మీరు ఉత్పత్తి చేసినా వాళ్లకి అవసరం లేకపోతే పైసా రాదు. ప్రైవేటు ఉత్పత్తిదారులు గోల పెడితే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అలాంటి షరతుంటే ఏ బ్యాంకూ అప్పివ్వదు మరి. మీ ప్రాజెక్టు ఒప్పందం ఏ ఏడాది సంతకమైందో కనుక్కోండి.

కొండవాలు

అందరూ డబ్బు, ఇసుక అంటున్నారు. వీయర్‌కి, పవర్‌హౌస్‌కి మధ్య నాలుగైదు కిలోమీటర్లు నది ఎండిపోతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరేం? కనీస నెలసరి ప్రవాహంలో 10 శాతం వదలాలని విధానం ఉంది. వదిలారా లేదా అని రాత్రి పూట గేటు దగ్గర ఎవరు నిలబడి చూస్తారు? ఆ ఎండిన ముక్కలోనే ఊరి శ్మశాన ఘాట్ ఉంటుంది, నీటి మరలు ఉంటాయి, చిన్న చిన్న మడులకి పారే పిల్ల కాలువలు ఉంటాయి. అసలా అనే చేప నదిలో పైకి ఎక్కలేదు. టన్నెల్ తవ్వాక మా ఊట ఎండిపోయిందని ఊరివాళ్లు అంటే కంపెనీ వాళ్లు రుజువు చూపించమంటారు. తవ్వకముందు ఆ ఊట కొలిచినవాడు లేడు, ఇంక రుజువెక్కడిది?

ఒక్క మంచి మాట చెప్పాలంటే, ప్రాజెక్టు ప్రభావిత ప్రాంతం వాళ్లకి 10 శాతం షేర్లు ఇవ్వాలి, ముఖ విలువ 100 రూపాయలకే. రసువా జిల్లాలో 22 మెగావాట్ల చిలిమే ప్లాంటు వల్ల అక్కడివాళ్లు లాభపడ్డారు, అందుకే ప్రతి ఊరూ ఇప్పుడు షేర్లు అడుగుతుంది. కాకపోతే చేతిలో డబ్బున్నవాడే కొంటాడు, లేనివాడు పేరు అరువిస్తాడు.

రాజాం_రాజు

మనవాళ్ల ముచ్చట కూడా చెప్పుకోవాలి కదా. మన రాజాం నుంచి ఎదిగిన జీఎమ్మార్ కర్ణాలీ నది మీద 900 మెగావాట్ల అప్పర్ కర్ణాలీకి 2014లో ఒప్పందం చేసుకుంది, నేపాల్‌కి 12 శాతం కరెంటు, 27 శాతం వాటా ఉచితం. డబ్బు సమకూర్చుకోడానికి గడువు మీద గడువు, మధ్యలో కోర్టు కేసులు. ఈలోపు పక్క లోయల్లో 10, 20 మెగావాట్లవి ఎన్నో కట్టి కరెంటు అమ్ముకుంటున్నారు. చిన్నవే నయం అంటాను. పెద్దదానికి రాజకీయం ఎక్కువ. చైనా పెట్టుబడో, చైనా కాంట్రాక్టరో ఉంటే ఆ కరెంటు మన దేశం కొనదు, ఆ తలనొప్పి వేరే.

విశాఖ_సివిల్

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. హెచ్‌ఆర్‌కి ఫోన్ చేశాను. జీతం నేపాలీ రూపాయల్లోనేనట! లైను పని వేరే కాంట్రాక్టర్ చేస్తున్నాడు, టవర్లు సగం లేచాయట, సబ్‌స్టేషన్ ఛార్జ్ అయిందట, అంటే కరెంటు ఎక్కించారట. వీయర్ ఎడమ ఒడ్డు సగం పోయిన సీజన్‌లో అయింది, కుడి ఒడ్డు ఈ నవంబర్‌లో మొదలు. వరద సంగతి మాత్రం వాళ్లు సరిగ్గా చెప్పలేదు, వందేళ్ల వరదకి డిజైన్ చేశాం, భయం లేదు అన్నారు. అది చాలా?

టర్బైన్_మేస్త్రి

వందేళ్ల వరద అనేది వాన లెక్క తమ్ముడూ. అది కూడా ఆ వాగు మీద గేజి స్టేషన్ లేకపోతే పక్క నది రికార్డు తెచ్చి, పరీవాహక వైశాల్యంతో సర్ది తీసిన అంకె. అక్కడ కొంప ముంచేవి లెక్కలో లేని వరదలు. 2014లో జురే దగ్గర కొండ విరిగి సున్‌కోశీకి అడ్డం పడింది. 2016 జూలైలో టిబెట్ వైపు హిమ సరస్సు తెగి భోటేకోశీ హెడ్‌వర్క్స్ కొట్టుకుపోయాయి, అది అంతకుముందు ఏడాది భూకంపంలో దెబ్బతిన్న ప్లాంటే. 2024 సెప్టెంబర్ చివర కురిసిన వానకి అప్పర్ తామాకోశీ అంతటిది దాదాపు మూడు నెలలు ఆగిపోయింది. 2025 జూలై 8న రసువాగఢీలో మళ్లీ వరద టిబెట్ నుంచే వచ్చింది, ఆ రోజు సరిహద్దు వంతెన కూడా పోయింది. మన వైపు సిక్కింలో 2023 అక్టోబర్‌లో తీస్తా మూడో ప్రాజెక్టు డ్యామే పోయింది కదా.

కాబట్టి డిజైన్ వరద ఎంతని కాదు, ఇవి అడుగు. పైన హిమ సరస్సు ఉందా, టిబెట్‌లో పుట్టే నదా, లేక దక్షిణ వాలు నుంచి వచ్చే వాగా? ఎగువన సైరన్ ఉందా, ఉంటే అది మోగాక నీళ్లు వీయర్ దగ్గరికి రావడానికి ఎన్ని నిమిషాలు? కార్మికుల క్యాంపు నది ఒడ్డున చదునుగా ఉందని కట్టేశారా, పైన కొండ మెట్టు మీద కట్టారా? చదును జాగా చౌక కాబట్టి చాలామంది ఒడ్డునే కడతారు. అది ఫొటో తెప్పించుకుని చూడు, మాట నమ్మకు.

నా అభిప్రాయం అడిగితే, సబ్‌స్టేషన్ ఛార్జ్ అయి, టవర్లు సగం లేచి, ఒక ఒడ్డు అయిపోయిందంటే ఇది కాగితం మీది ప్రాజెక్టు కాదు, వెళ్లొచ్చు. జీతం మాత్రం మన రూపాయల్లో అడుగు, కనీసం నేపాలీ లక్షా ఇరవై వేలకి తక్కువ ఒప్పుకోకు. కుడి ఒడ్డు పనికి కాఫర్ డ్యామ్ (పని జరిగేచోటికి నీళ్లు రాకుండా వేసే తాత్కాలిక కట్ట) డ్రాయింగ్ ఇప్పుడే మెయిల్ చేయమను. నవంబర్‌లో అక్కడ దిగాక ఇస్తామంటే ఆ సీజన్ పోయినట్టే లెక్క.

వడ్డీ_లెక్కలు

దానితో పాటు ప్రయాణ బీమా కాకుండా సైట్ ప్రమాద బీమా మీ పేరు మీద ఉందో లేదో, నామినీ వివరాలు పూర్తి చేశారో లేదో చూడండి. మొదటి రెండు నెలల జీతం టైముకి పడకపోతే మూడో నెల కోసం ఆగొద్దు.